నాన్నను తెచ్చే రైలు

సూరత్ నగరానికి ఉత్తరాన, తపతీ నదికి ఆవలి ఒడ్డున, కోసాడ్ అనే చిన్న రైల్వే స్టేషను ఉన్నది. దాని పేరు ఎరిగిన తెలుగువారు తక్కువ. కాని ఆ స్టేషను గుండా సాగే మార్గానికి దేశచరిత్రలో ఒక విశిష్టస్థానం ఉన్నది. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ మొట్టమొదట వేసిన మార్గం అంకలేశ్వర్ నుంచి ఉత్రాణ్ వరకు, 29 మైళ్ళు. అది 1860 ఫిబ్రవరి 10న ప్రారంభమయినది. ఉత్రాణ్‌కు పొరుగున ఉన్న కోసాడ్ ఆ 29 మైళ్ళలోనిదే. బొంబాయి నుంచి ఠాణాకు దేశంలో తొలి ప్రయాణికుల రైలు నడిచి అప్పటికి ఏడేండ్లయినా నిండలేదు.

ఈ మార్గం మీదుగానే నేడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ పోతున్నది. అహమదాబాదులో బయలుదేరి, సూరత్‌లో ఆగి, అక్కడ తూర్పుకు మళ్ళి, తపతీ లోయ వెంట జలగాఁవ్, భుసావళ్, అకోలా, వార్ధా, బల్లార్షా దాటి వరంగల్లు, ఖమ్మం, విజయవాడల మీదుగా చెన్నై చేరుతుంది. కోసాడ్‌లో మాత్రం ఆగదు. అయినా సూరత్‌లో బ్రతికే తెలుగు కుటుంబాలకు ఆ బండి పేరు ఇంటిపేరంత పరిచితం. సూరత్ నుంచి వరంగల్లుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు. అంటే దాదాపు ఒక పగలు, ఒక రాత్రి.

తెలంగాణలో చేనేత దెబ్బతిన్నకొద్దీ పద్మశాలి కుటుంబాలు వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాలనుంచి షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు తరలిపోయినవి. చేతిమగ్గం ఎరిగినవారు మరమగ్గం దగ్గర నిలబడినారు. సూరత్‌లో వారి నివాసాలు లింబాయత్ వంటి పేటలలో ఎక్కువ. ఇటు కోసాడ్ 2006లో నగరపాలక సంస్థ పరిధిలో చేరినది. తర్వాత బీదవారికోసం కట్టిన కోసాడ్ ఆవాస్ పెద్ద నివాసప్రాంతమైనది. అక్కడ ఒకే వరండాలో నాలుగు భాషలు వినిపించడం వింత కాదు.

వలస అనేది ఒక్కనాడు ఇల్లంతా కదలిపోవడంతో జరిగేది కాదు. మొదట తండ్రి ఒక్కడే పోతాడు. గది దొరికి, పని కుదిరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన తర్వాత తల్లీ పిల్లలూ వెళ్తారు. కొన్ని ఇండ్లలో ఆ రెండవ ప్రయాణం జరగనే జరగదు. తండ్రి దీపావళి సెలవులకు మిల్లులు మూసినప్పుడు వచ్చి, తెరిచేనాటికి పోతాడు. అట్టి ఇంటి బిడ్డకు రైలు ఒక యంత్రం కాదు. అది నాన్నను తీసుకొనిపోయినది. మళ్ళీ తీసుకొనిరావలసినది కూడా అదే.

ఈ సంగతిని మనసులో ఉంచుకొని ప్రపంచంలో పేరుపొందిన రైలుకథలను ఒకసారి తిరగవేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పిల్లలకు రైలుకథలు ఎందుకు ఇష్టమని అడిగితే పెద్దలు సాధారణంగా వేగం, కూత, పొగ అని చెప్తారు. కాని ఆ కథలలో చిరకాలం నిలిచినవాటిని చూస్తే, పెక్కింటిలో ఒక చోటు ఖాళీగా కనిపిస్తుంది. అది నాన్న కూర్చోవలసిన చోటు.

ఇంగ్లండులో ఈడిత్ నెస్బిట్ వ్రాసిన ‘ది రైల్వే చిల్డ్రన్’ 1906లో పుస్తకంగా వెలువడినది. రాబర్టా, పీటర్, ఫిలిస్ అనే ముగ్గురు పిల్లలు. ఒక రాత్రి ఎవరో వచ్చి తండ్రిని తీసుకొనిపోతారు. ఆయనపై దేశరహస్యాలు అమ్మినాడనే అబద్ధపు నేరం మోపబడినదని పిల్లలకు తెలియదు. తల్లి వారిని పల్లెకు తీసుకొనిపోతుంది. అక్కడ వారికి దొరికిన నేస్తం రైలుమార్గం. లండను వైపు పోయే బండికి వారు రోజూ చేతులు ఊపుతారు; తమ ప్రేమను అది నాన్నకు చేర్చుతుందని వారి నమ్మకం. కొండచరియ విరిగి పట్టాలపై పడినప్పుడు ఎర్రని బట్టలు ఊపి రైలును ఆపేదీ వారే. ఇన్ని సాహసాలు జరిగినా పాఠకుని గుండెలో మిగిలేది చివరి ఘట్టం. రైలు ఆగుతుంది, పొగ తేలిపోతుంది, ప్లాట్‌ఫారం మీద నాన్న నిలబడి ఉంటాడు. నెస్బిట్ తన తండ్రిని పోగొట్టుకొన్నది నాలుగేండ్లు నిండకముందే. తన జీవితంలో ఏ రైలూ తీసుకొనిరాని మనిషిని ఆమె కథలో రప్పించినది.

రష్యాలో అర్కాదీ గైదార్ వ్రాసిన ‘చుక్, గెక్’ 1939 నాటిది. తండ్రి భూగర్భ పరిశోధకుడు. దూరాన మంచు అడవులలో పనిచేస్తున్నాడు. తల్లీ ఇద్దరు కొడుకులూ మాస్కో నుంచి ఆయన దగ్గరకు రైలులో బయలుదేరుతారు. బయలుదేరకముందు తండ్రి దగ్గరనుంచి తంతి వస్తుంది, ప్రయాణం రెండు వారాలు ఆపుకొమ్మని. అన్నదమ్ములు పోట్లాటలో ఆ తంతి ఉన్న రేకుడబ్బాను కిటికీలోనుంచి మంచులోకి పారవేసి, ఆ సంగతి తల్లితో చెప్పరు. ఫలితంగా చలిలో, ఖాళీ ఇంటిలో, ఒక కావలివాని అండతో వారు తండ్రికోసం ఎదురుచూడవలసి వస్తుంది. నూతన సంవత్సరం రాకముందే తండ్రి వస్తాడు. చెట్టును అలంకరించి, రేడియోలో క్రెమ్లిన్ గడియారపు గంటలు వింటూ అందరూ కూర్చుంటారు. సోవియట్ దేశంలో క్రిస్మస్ చెట్టుకు చాలాకాలం ఆదరణ లేదు. 1935 చివర అది నూతన సంవత్సరపు చెట్టుగా తిరిగి ఇండ్లలోకి వచ్చినది. పండుగ పేరు మారినా దాని సారం మారలేదు. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరడమే పండుగ.

జపానులో మియజవా కెంజీ వ్రాసిన ‘పాలపుంత రైలు’ కథ ఆయన మరణించిన మరుసటి ఏడు, 1934లో, వెలుగు చూచినది. అందులోని బాలుడు జొవాన్ని బీదవాడు. తల్లి మంచం పట్టినది. తండ్రి ఉత్తర సముద్రాలకు పోయి తిరిగి రాలేదు. బడిలో తోటిపిల్లలు ఆ తండ్రి పేరు చెప్పి ఎగతాళి చేస్తారు. బడి విడిచిన తర్వాత జొవాన్ని అచ్చుకూటంలో అక్షరాలు ఏరే పని చేసి నాలుగు డబ్బులు తెస్తాడు. ఊరంతా పండుగ చేసుకొనే రాత్రి, కొండ మీద ఒంటరిగా పడుకొన్న ఆ పిల్లవానిని ఒక రైలు నక్షత్రాల మధ్యకు తీసుకొనిపోతుంది. పక్కన ప్రాణమిత్రుడు కంపనెల్లా. మేలుకొనేసరికి ఆ మిత్రుడు ఏటిలో మునిగిపోయినాడని తెలుస్తుంది. ఆ దుఃఖంలోనే, మిత్రుని తండ్రి నోట జొవాన్ని వినే మాట మరొకటి ఉన్నది: మీ నాన్న త్వరలో వస్తున్నాడని. మియజవా తన ముద్దుచెల్లెలిని 1922లో పోగొట్టుకొని, మరుసటి ఏడు రైలెక్కి దూరాన సఖాలిన్ దీవికి పోయినాడు. ఆ ప్రయాణపు నీడ ఈ కథలో కనిపిస్తుందని విమర్శకులు చెప్తారు.

మూడు దేశాలు, మూడు మతాలు, మూడు రాజ్యవ్యవస్థలు. ముగ్గురు రచయితలూ పిల్లల నుంచి ఒక సత్యాన్ని దాచలేదు. నాన్న లేడు; ఎప్పుడు వస్తాడో తెలియదు. అయినా ఎదురుచూపుకు అర్థం ఉన్నదని వారు కథచేత చెప్పించినారు. ఇంద్రజాలమంటే ఇదే. మంత్రదండం, మాయతివాచీ దాని అలంకారాలు మాత్రమే.

క్రిస్మస్ కథలలో రైలు రావడానికీ కారణం ఇందులోనే దొరుకుతుంది. క్రిస్మస్ కథ చాలావరకు ఇల్లు చేరే కథ. అమెరికాలో లూయిసా మే ఆల్కాట్ వ్రాసిన ‘లిటిల్ ఉమెన్’ మొదటి భాగం, 1868లో వెలువడినది, తండ్రి యుద్ధంలో ఉన్న క్రిస్మస్‌తో మొదలై, ఆయన ఇల్లు చేరిన మరుసటి క్రిస్మస్ మీదుగా సాగుతుంది. మనకు దసరా, సంక్రాంతి ఎట్టివో ఆ దేశాలకు ఆ పండుగ అట్టిది. ఆ మూడు దినాలూ బండ్లలో చోటు దొరకదు.

క్రిస్మస్ రైలుకథలలో నేడు లోకమంతా ఎరిగినది క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ వ్రాసి, బొమ్మలు వేసిన ‘ది పోలార్ ఎక్స్‌ప్రెస్’. 1985లో వచ్చిన ఈ పుస్తకానికి మరుసటి ఏడు బాలల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డికాట్ పతకం లభించినది. పండుగ ముందటి రాత్రి ఇంటిముందు రైలు ఆగుతుంది. ఒక బాలుడు ఎక్కి ఉత్తరధ్రువం చేరుతాడు. ఏమి కావాలన్నా కోరుకొమ్మంటే క్రిస్మస్ తాత బండికి కట్టిన ఒక్క వెండి గంటను కోరుకొంటాడు. దారిలో అది జేబు చిరుగులోనుంచి జారిపోతుంది. తెల్లవారి చెట్టు కింద దొరుకుతుంది. దాని నాదం పిల్లలకు వినబడుతుంది, తల్లిదండ్రులకు వినబడదు. ఏండ్లు గడిచేకొద్దీ మిత్రులకు, చెల్లెలికి కూడా వినబడకుండా పోతుంది. నమ్మకం చెడనివారికి మాత్రమే ఆ గంట మోగుతుంది. 2004లో దీనిని చలనచిత్రంగా తీసినప్పుడు ఇంజనుకు నమూనాగా, శబ్దానికి ఆధారంగా తీసుకొన్నది మిషిగన్ రాష్ట్రంలోని నిజమైన పాత ఆవిరి ఇంజను. దాని సంఖ్య 1225. అమెరికన్లు తేదీ వ్రాసే పద్ధతిలో అది డిసెంబరు 25.

సూరత్‌లో పెరిగే తెలుగు బిడ్డ విషయంలో ఆ గంటవంటిది తల్లిభాష. వీధిలో గుజరాతీ, ఆటలో హిందీ, సినిమాలో హిందీ. ఇంటిలో తెలుగు వినబడినంతకాలం దాని నాదం చెవిలో ఉంటుంది. తల్లిదండ్రులు ఇద్దరూ పనికి పోయి, అలసి వచ్చి, కసరడానికీ పిలవడానికీ మాత్రమే దానిని వాడితే, ఆ నాదం సన్నగిల్లుతుంది. ఊరిలో అవ్వ చెప్పే మాట పిల్లవానికి సగమే అర్థమవుతుంది. తండ్రి రైలులో తిరిగివచ్చినా, తండ్రి చెప్పే కథ అర్థం కాని బిడ్డకు ఆ రాక సగమే.

దీనికి విరుగుడు ఏర్పాట్లు కొన్ని ఉన్నవి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి ఏడు మాధ్యమాలలో బడులు నడుపుతున్నది: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. ఒక గుజరాతీ నగరం తన పన్నుల డబ్బుతో తెలుగు అక్షరం నేర్పడం సామాన్య విషయం కాదు. కాని అక్షరం నేర్చిన బిడ్డకు చదవడానికి కథ కావాలి. పాఠ్యపుస్తకం అక్షరాన్ని ఇస్తుంది. ఆకలిని కథ పుట్టిస్తుంది.

తెలుగు బాలసాహిత్యానికి ఆ కథల సంపద తక్కువేమీ కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించినారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ను వెలువరించినారు. స్టేషను ప్లాట్‌ఫారం మీది పుస్తకాల బడ్డీలో చందమామ కొనిపెట్టనిదే రైలెక్కని పిల్లలు ఒక తరమంతా ఉన్నారు. ఆ పత్రిక 2013 ప్రాంతంలో ఆగిపోయినది; దాని కథలు మాత్రం సంపుటాలలో, ఇండ్లలో దాచుకొన్న పాత సంచికలలో నిలిచి ఉన్నవి. విశాలాంధ్ర ద్వారా చవకగా అందిన సోవియట్ బాలల పుస్తకాలు మంచునూ, స్లెడ్జి బండ్లనూ మండుటెండల గ్రామాలకు తెచ్చినవి. జపాను రచయిత్రి కురొయనగి తెత్సుకో 1981లో ప్రచురించిన ‘తొత్తోచాన్’ తెలుగులో ‘రైలుబడి’ అనే చక్కని పేరుతో వచ్చినది. పాత రైలు పెట్టెలే తరగతి గదులుగా ఉన్న నిజమైన బడి కథ అది. కొత్త పెట్టె ఒకటి వస్తున్నదని తెలిసి, పట్టాలు లేనిచోటికి అది ఎట్లా వస్తుందో చూడాలని, పిల్లలు రాత్రి బడిలోనే పడుకొంటారు. ఆ బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయినది. కథ మిగిలినది.

పుస్తకం కొనలేని ఇంటి మాటేమిటి? దానికి సమాధానం ఒక ఇంగ్లీషు మతాచార్యుని ఇంటిలో ఉన్నది. 1942లో విల్బర్ట్ ఆడ్రీ కొడుకు క్రిస్టఫర్‌కు తట్టు పోసినది. చీకటి గదిలో పడుకొన్న పసివానికి తండ్రి కాలక్షేపానికి ఇంజన్ల కథలు చెప్పినాడు. పిల్లవాడు అదే కథ మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. ఒక్క మాట మారినా ఒప్పుకొనేవాడు కాడు. విధిలేక తండ్రి దొరికిన కాగితాల మీద కథలను వ్రాసుకొన్నాడు. భార్య ప్రోద్బలంతో అవి 1945లో పుస్తకమైనవి. యుద్ధకాలంలో బొమ్మలు దొరకక, చీపురుకర్రతోనూ చెక్కముక్కలతోనూ ఆయన ఇంజన్లు చెక్కి ఇచ్చినాడు. థామస్ అనే పేరు అట్టి ఒక కొయ్యబొమ్మకు పెట్టినదే. లోకమంతా అమ్ముడుపోయిన ఆ కథలకు మొదటి పెట్టుబడి ఒక తండ్రి గొంతు మాత్రమే.

ఆ గొంతుకు సరిపడిన పద్ధతి మనవారు ఎన్నడో కనిపెట్టినారు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’ పన్నెండు సంపుటాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతాడు. తోడుగా వచ్చేవాడు గోపడనే పశువుల కాపరి. ఆ పిల్లవాడు పెట్టిన షరతు ఒక్కటే: దారిలో తాను చూచిన వింతకెల్లా కథ చెప్పాలి, చెప్పనినాడు వెనుదిరిగిపోతాడు. అందుచేత ప్రతి మజిలీలోనూ ఒక కథ పుట్టినది. కాశీ దూరం కథలలో కరిగిపోయినది.

సూరత్ నుంచి వరంగల్లు దారి అట్టి మజిలీల మాల. నవాపూర్ వస్తుంది. ఆ స్టేషను సగం గుజరాత్‌లో, సగం మహారాష్ట్రలో ఉన్నది. ఒకే ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారుతుంది. దానికి మించిన మాయ పిల్లలకు వేరొకటి కావాలా? అంతవరకు బోర్డు మీద ఉన్న గుజరాతీ అక్షరాలకు నెత్తిన గీత లేదు. నవాపూర్ దాటిన తర్వాత మరాఠీ అక్షరాలు గీతకు వేలాడుతూ కనిపిస్తాయి. భుసావళ్, అకోలా, వార్ధా గడిచి, రాత్రి కరిగి, బల్లార్షా దాటి సిర్పూర్ కాగజ్‌నగర్ చేరేసరికి గుండ్రని అక్షరాలు, వాటిపై చిన్న తలకట్లు ప్రత్యక్షమవుతాయి. ఆ బోర్డును మొదట ఎవరు చదువుతారని తండ్రి పందెం వేస్తే, ఆ బిడ్డ ఆ పేరును జన్మలో మరువడు. ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క కథ: అవ్వ పెండ్లికి మగ్గం మీద నేసిన చీర కథ, బాపు మొదటిసారి సూరత్‌లో దిగి దారి తప్పిన కథ, ఒక రాజకుమారుని కథ, ఒక రాక్షసుని కథ. ఊరు వెళ్ళలేని ఏడు టెలిఫోనులో అయినా రోజుకొక మజిలీ జరపవచ్చును.

ప్రయాణం చేసే తండ్రి బిడ్డకు ఏమి తేవాలని దుకాణాలలో వెదుకుతాడు. బొమ్మ విరుగుతుంది, చొక్కా పొట్టి అవుతుంది. గోపడు మణిసిద్ధుని అడిగినది ధనం కాదు, కథ. అది దొరికినంతకాలం ఆ పిల్లవాడు వెనుదిరగలేదు.